ప్రాణం దక్కింది సరే... ఆ తర్వాత?

గుండెలో నొప్పి అంటే 108కి ఫోన్ చేస్తాం. పురిటి నొప్పులొచ్చినా అంతే. 2005 ఆగస్టు 15న ఈ అంబులెన్సులు మన రోడ్లమీదికి వచ్చినప్పుడు ‘ఆ... ఫోన్ చేస్తే నిజంగా వస్తుందా ఏమిటి!’ అని పెదవి విరిచినవాళ్లమే ఇప్పుడు పది నిమిషాలు ఆలస్యమైతే విసుక్కుంటున్నాం. మంచిదే. ఆ మాత్రం విసుక్కునే హక్కు మనకుంది.

మరి ఇంట్లో ఒకరు మూడు రాత్రులుగా కన్ను మూయకుండా, తనలో తానే మాట్లాడుకుంటూ, ‘నేనుండి ఎవరికి లాభం’ అంటూ కూర్చుంటే ఎవరికి ఫోన్ చేస్తాం? చేస్తే ఎవరొస్తారు? అత్తగారు గాలి సోకిందంటుంది. మరిది ‘రెండు తగిలిస్తే అదే కుదురుకుంటుంది’ అంటాడు. పక్కింటావిడ బయట గడియ పెట్టుకోమని సలహా ఇచ్చి తన తలుపు వేసుకుంటుంది. రాత్రంతా మేలుకుని కాపలా కాసేది మాత్రం ఆ ఇంటి ఇల్లాలో, తల్లో, పెళ్లికాని చెల్లెలో! మనసు కష్టంలో పడిన ఇంటికి మన దేశంలో ఉన్న అత్యవసర బృందం ఆవిడ ఒక్కతే.

ఇలాంటి వేళ ఇంటికే వచ్చే మనుషులు కొన్నిచోట్ల ఉన్నారు. ఇంగ్లండులో 2000 సంవత్సరంలో వేసుకున్న ఆరోగ్య ప్రణాళికలోనే ప్రతి ప్రాంతానికీ ఒక ‘క్రైసిస్ టీము’ ఉండాలని రాసుకున్నారు. అందులో సైకియాట్రిస్టు, నర్సు, సోషల్ వర్కరు, చాలాచోట్ల సైకాలజిస్టు ఉంటారు. మనిషిని ఆసుపత్రికి ఈడ్చుకెళ్లే ముందు, ఇంట్లోనే నిలబెట్టగలమా అని చూడటం వాళ్ల పని. ఆ బృందంలో సైకాలజిస్టు ఏం చేస్తుంది, ఆమె లేని లోటు మనకెలా తెలుస్తోంది... ఈ వారం దాని గురించే మాట్లాడుకుందాం. దూరదేశాల మాట అక్కర్లేదు. నాగార్జునసాగర్ రోడ్డులో, హైదరాబాద్ పొలిమేరల్లో ఉన్న ఇబ్రహీంపట్నం చాలు.

2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో కుటుంబ నియంత్రణ శిబిరం పెట్టారు. ఒక్కరోజే 34 మందికి ఆపరేషన్లు చేశారు. వారం తిరక్కుండానే వాళ్లలో నలుగురు చనిపోయారు. మిగతా 30 మందిని హడావుడిగా హైదరాబాద్ ఆసుపత్రులకు తరలించారు. (మగవాళ్లకు చేసే ఆపరేషన్ ఇంతకంటే తేలికని డాక్టర్లే చెబుతారు. అయినా వరసలో పడుకున్నది ఆడవాళ్లే. దాని గురించి ఇంకో వారం తప్పకుండా మాట్లాడుకోవాలి.) విచారణ జరిగింది, చర్యలన్నారు. చనిపోయినవారి కుటుంబాలకు అయిదు లక్షల చొప్పున పరిహారం, డబుల్ బెడ్‌రూం ఇల్లు, పిల్లలకు గురుకులాల్లో చదువు ప్రకటించారు. అవన్నీ కావాల్సినవే.

కానీ ఒక్కసారి ఆ 30 మంది సంగతి ఆలోచించండి. తనతోపాటు అదే రోజు, అదే ఆపరేషన్ చేయించుకున్న మనిషి పోయిందని తెలిసిన క్షణంలో తన కడుపుమీది కుట్టు చూసుకున్న ఆడదాని గుండె ఎలా కొట్టుకుని ఉంటుంది? ‘నువ్వే చేయించుకోమన్నావు కదా’ అని భార్య వైపువాళ్లు అంటే తల వంచుకునే భర్త సంగతేమిటి? పక్కనుండి తీసుకొచ్చిన తల్లి? ‘అమ్మ ఎప్పుడొస్తది?’ అని అడిగే నాలుగేళ్ల పిల్లకు ఎవరు ఏం చెప్పాలి? పరిహారం చెక్కుతోపాటు ఈ ప్రశ్నలకు కూడా ఒక మనిషి వెళ్లి ఉండాలి. సైకాలజిస్టు ఉద్యోగం అక్కడే మొదలవుతుంది.

ముందుగా ఒక మాట. చాలామందికి సైకాలజిస్టు, సైకియాట్రిస్టు ఒకటే. ఇద్దర్నీ కలిపి ‘పిచ్చి డాక్టర్’ అనేస్తే సరి! సైకియాట్రిస్టు ఎం.బి.బి.ఎస్. చదివి ఆపైన మానసిక వైద్యం చదివిన డాక్టరు. మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మనసు పనిచేసే తీరును చదివి, భారత పునరావాస మండలిలో పేరు నమోదు చేయించుకున్న మనిషి. మందు రాయదు. మాటే ఆమె మందు, వినడం అంతకంటే పెద్ద మందు. ఒకరి పని ఇంకొకరు చేయలేరు. అందుకే బృందం కావాలి.

విషాదం జరిగిన ఇంటికి వెళ్లిన సైకాలజిస్టు మొదటిరోజు ఏం చేస్తుందో తెలుసా? ‘ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పమ్మా’ అని మాత్రం అడగదు. మన ఊళ్లలో పరామర్శ ఎలా ఉంటుందో మనకు తెలియనిది కాదు. గుమ్మంలోకి వచ్చిన ప్రతి మనిషికీ ఆ తల్లి మళ్లీ మొదట్నుంచీ చెప్పాలి. ‘అయ్యో, అప్పుడే తీసుకెళ్లాల్సింది’ అని వాళ్లొక పోటు పొడిచి వెళ్తారు. సాయంత్రానికి ఇరవైసార్లు చెప్పి ఉంటుంది, ఇరవైసార్లు ఆ గాయం కెలికించుకుని ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో విపత్తు వేళ మనసుకు చేసే ప్రథమ చికిత్స గురించి ఒక చిన్న పుస్తకం వేసింది. దాని సారం మూడు మాటలు. చూడు, విను, కలుపు. ముందు ఆ ఇంట్లో ఎవరు తిన్నారు, ఎవరు నిద్రపోలేదు, పసిబిడ్డ పాలకు ఏం చేస్తున్నారు... ఇవి చూడాలి. చెప్పినంత వినాలి, బలవంతాన చెప్పించకూడదు. ఆ తర్వాత వాళ్లకు కావాల్సిన మనిషితో, ఆసుపత్రితో, ఆఫీసుతో కలపాలి. మన పెద్దమ్మలు కొందరు ఏ పుస్తకమూ చదవకుండానే చేసే పనే ఇది. చప్పుడు చేయకుండా వచ్చి, ఇంత చారు కాచిపెట్టి, పిల్లల తలలు దువ్వి వెళ్లేవాళ్లు మీ బంధువుల్లోనూ ఉంటారు.

పిల్లల విషయంలో మాత్రం చదువుకున్న మనిషి సాయం తప్పనిసరిగా కావాలి. ‘అమ్మ ఊరెళ్లింది’ అని చెబితే ఆ బిడ్డ రోజూ సాయంత్రం బస్సు కోసం చూస్తుంది. ‘నిద్రపోయింది’ అంటే రాత్రి కన్ను మూయడానికే భయపడుతుంది. ‘అమ్మ చనిపోయింది, ఇక రాదు. నిన్ను నేను చూసుకుంటాను. నీ తప్పేం లేదు’ అని చిన్న మాటల్లో నిజం చెప్పడమే మేలంటారు సైకాలజిస్టులు. మనకది కటువుగా వినిపిస్తుంది. కానీ ‘నేను అల్లరి చేశాను కాబట్టే అమ్మ పోయింది’ అని లోపల్లోపల అనుకునే పిల్లలు ఎందరో! ఆ ముల్లు అప్పుడే తీయకపోతే పెద్దయ్యాక కూడా గుచ్చుకుంటూనే ఉంటుంది.

ఇది ఊరంతటికీ తెలిసిన విషాదం. ఊరికి తెలియనివి ఇంకా ఎక్కువ.

‘కడుపునొప్పి భరించలేక వివాహిత...’ ఈ వాక్యం పత్రికల్లో ఎన్నేళ్లుగా చదువుతున్నాం! అంతమందికి అంత కడుపునొప్పి ఎక్కణ్నుంచి వచ్చిందని ఎవరూ అడగరు. పోలీసు కేసు భయం, పుట్టింటి పరువు, అత్తింటి జాగ్రత్త అన్నీ కలిసి రాయించిన వాక్యమది. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2021లో దేశంలో ప్రాణం తీసుకున్న ఆడవాళ్లు 45,026 మంది. అందులో 23,178 మంది గృహిణులు. సగం కంటే ఎక్కువ! ‘ఇంట్లో ఉండేదానికి కష్టమేముంటుంది’ అనేవాళ్లకు ఈ అంకె చూపించండి.

బతికి బయటపడినవాళ్ల సంగతి చూద్దాం. ఆసుపత్రిలో రెండు మూడు రోజులుంచుతారు. ప్రాణానికి గండం తప్పిందనగానే ఇంటికి పంపేస్తారు. ఇంట్లో అదే గది, అదే పోరు, అవే మాటలు. పైగా ‘మా పరువు తీశావు’ అన్న కొత్త మాట ఒకటి. ఏదైనా ప్రమాదం ఉంటే అది ఆ తొలి వారాల్లో, నెలల్లోనే ఎక్కువ. సరిగ్గా అప్పుడే ఆమెను పలకరించేవాళ్లుండరు.

చట్టం మారిన సంగతి ఇప్పటికీ చాలా ఇళ్లకు తెలియదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి. ఆమెను శిక్షించకూడదు, ఆదుకోవాలి. వైద్యం, సంరక్షణ అందించే బాధ్యత ప్రభుత్వానిది. పాత శిక్షాస్మృతిలో ఆత్మహత్యాయత్నాన్ని నేరమన్న 309 సెక్షను కూడా 2024 జులై 1న కొత్త న్యాయసంహిత వచ్చాక పోయింది. కొత్తదాంట్లో ప్రభుత్వోద్యోగిని బెదిరించడానికో, అడ్డుకోవడానికో అలా చేస్తేనే నేరం. కాబట్టి కేసుకి భయపడి డాక్టరు దగ్గర అబద్ధం చెప్పకండి. ఏం జరిగిందో తెలిస్తేనే సరైన వైద్యం.

ఆ పలకరింపు ఎంత పని చేస్తుందో లెక్కలతో సహా తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు దేశాల్లో ఒక పరిశోధన చేయించింది. మన పక్కనున్న చెన్నై అందులో ఒకటి. ప్రాణం తీసుకోబోయి ఆసుపత్రికి చేరి బతికిన 1867 మందిని రెండు గుంపులుగా చూశారు. మొదటి గుంపుకి మామూలు వైద్యం. రెండో గుంపుకి దాంతోపాటు, ఇంటికి పంపేముందు ఒక గంటసేపు మాట. ఆ తర్వాత ఏడాదిన్నరలో తొమ్మిదిసార్లు పలకరింపు... ఫోన్లోనో, ఇంటికెళ్లో. ‘ఎలా ఉన్నావమ్మా? నిద్ర పడుతోందా? ఏమైనా సాయం కావాలా?’ అంతే. 2008లో వెలువడిన ఫలితాల్లో, మామూలు వైద్యం అందినవాళ్లలో వెయ్యికి 22 మంది ఆ ఏడాదిన్నరలోపే ప్రాణం తీసుకున్నారు. పలకరింపు దక్కినవాళ్లలో వెయ్యికి ఇద్దరే!

పెద్ద భవనాలక్కర్లేదు, ఖరీదైన యంత్రాలక్కర్లేదు. ఒక గంట మాట, తొమ్మిది పలకరింపులు. ఇంత చవకైన వైద్యం ఇంకోటుందా?

ఆ గంటలో సైకాలజిస్టు ఏం మాట్లాడుతుంది? నీతులు చెప్పదు. ‘పిల్లల ముఖం చూసైనా...’ అనదు. ఆ మాట విన్న తల్లికి సిగ్గు ఇంకాస్త పెరుగుతుందే గానీ బాధ తగ్గదు. ‘ఇప్పుడు కూడా చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అని సూటిగానే అడుగుతుంది. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని మన భయం. పుట్టదు. అడిగే మనిషి దొరికిందని గుండె బరువు దిగుతుంది. తర్వాత ఇద్దరూ కలిసి ఒక కాగితం రాస్తారు. నాకు మనసు చెడబోతోందని ఎలా తెలుస్తుంది? అప్పుడు కాసేపు ఏం చేస్తే ఊరట? ఏ అక్కకు, ఏ స్నేహితురాలికి ఫోన్ చేయాలి? ఇంట్లో ఏ వస్తువు నాకు అందకుండా పెట్టాలి? ఈ చివరిది ఇంటివాళ్లకు కూడా. పొలానికి తెచ్చిన పురుగుమందు డబ్బా ఇంట్లో మంచం కింద ఉండకూడదు. తాళం వేసి, తాళంచెవి వేరే మనిషి దగ్గరుంచాలి. ఆ ఉద్ధృతి చాలామందిలో కాసేపే ఉంటుంది. ఆ కాసేపు గడిస్తే మనిషి మిగులుతుంది.

అన్ని సందర్భాలూ మాటలతో తీరవు. అది గుర్తుపట్టడం కూడా సైకాలజిస్టు పనే. ప్రసవమైన కొద్దిరోజులకే నిద్ర లేకుండా, పొంతనలేని మాటలు మాట్లాడుతూ, బిడ్డను అనుమానంగా చూసే బాలింతను చూసి మన పెద్దవాళ్లు ‘బాలింత సన్ని’ అనేవారు. గదిలో పెట్టి వేపమండలు కట్టేవారు. అది ఆసుపత్రికి వెంటనే వెళ్లాల్సిన జబ్బు. ఒక్క పూట కూడా తల్లినీ బిడ్డనీ ఒంటరిగా వదలకూడదు. సమయానికి వైద్యం అందితే చక్కగా కోలుకుంటారు. అలాగే రోజూ తాగే మనిషికి ఒక్కసారిగా మందు ఆగిపోతే వణుకు, ఫిట్స్, లేనివి కనబడటం. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలు మూసేసిన వారంలోనే ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థకు అలాంటివాళ్లు పోటెత్తారు. వాళ్లను పట్టుకుని తీసుకొచ్చిందెవరు? ఇన్నేళ్లూ ఆ తాగుడుతో వేగిన భార్యలే.

ఇబ్రహీంపట్నం నుంచి ఎర్రగడ్డ అంటే నగరం ఈ చివర నుంచి ఆ చివరకు. అదుపులో లేని మనిషిని వెంటబెట్టుకుని బస్సులు మారి వెళ్లగలరా? ఆటోవాడు ఎక్కించుకుంటాడా? అందుకే దర్గాలూ, తాయెత్తులూ, బాణామతి తీసేవాళ్లూ దగ్గరవుతారు. భక్తిని నేను తప్పుపట్టను. మొక్కు మొక్కుకోండి, మందూ వేయండి. కానీ గొలుసులు మాత్రం వద్దు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో నిప్పంటుకున్నప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్నందుకు పారిపోలేక 28 మంది కాలిపోయారు. 2017 చట్టం గొలుసు వేయడాన్ని పూర్తిగా నిషేధించింది. అత్యవసరమైతే మానసిక వైద్యుడే కానక్కర్లేదు, ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా 72 గంటలవరకూ తక్షణ వైద్యం చేయొచ్చంది. రోడ్డుమీద దిక్కులేకుండా తిరుగుతున్న మనోరోగిని పోలీసులు లాకప్పులో పెట్టకూడదనీ, 24 గంటల్లోపు ప్రభుత్వాసుపత్రికి చేర్చాలనీ చెప్పింది. కాగితంమీద ఏం తక్కువ లేదు!

ఫోన్ కూడా ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైన ‘టెలీ మానస్’ నంబరు 14416. పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు, ఖర్చు లేదు. ఈ నంబరు ఇప్పుడే వంటింటి క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచీ దేశంలో నడుస్తోంది. జిల్లాకొక సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, నర్సు, సోషల్ వర్కరు ఉండాలన్నది దాని నియమం. జిల్లాకొకరు! రంగారెడ్డి లాంటి జిల్లాలో ఒక మనిషి ఎన్ని గడపలు తొక్కగలదు?

ఇబ్రహీంపట్నం చుట్టూ చూడండి. పదుల సంఖ్యలో కాలేజీలు, వాటి హాస్టళ్లు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పిల్లలు. ఒకపక్క ప్లాట్లయిపోతున్న పొలాలు, భూమి అమ్మిన డబ్బు దగ్గర అన్నదమ్ముల తగాదాలు. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణంమీద నడిచిన కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు కొన్ని ఆదేశాలిచ్చింది. వందమంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో ఉండాలి. సాయం అడిగే ఫోన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతుల్లో పెద్ద అక్షరాలతో పెట్టాలి. మీ అమ్మాయిని చేర్పించడానికి వెళ్లినప్పుడు ఏసీ క్లాసురూమ్‌లు, ప్లేస్‌మెంట్లు అన్నీ అడుగుతారు కదా... ‘మీ సైకాలజిస్టు గది ఎక్కడండీ?’ అని కూడా అడగండి. ప్రిన్సిపాల్ తడుముకుంటే మీకు సంగతి అర్థమైపోతుంది.

ఈ చదువు చదువుతున్నవాళ్లలో అమ్మాయిలే ఎక్కువగా కనిపిస్తున్నారు. ‘రోజంతా ఏడ్చేవాళ్లతో కూర్చుంటే నీ మనసేం కావాలి? పెళ్లెలా అవుతుంది?’ అనే ఇళ్లు ఇంకా ఉన్నాయి. నిజమే, బరువైన పనే. అందుకే మంచి బృందాల్లో ఒక్కరినే పంపరు, జంటగా పంపుతారు. తిరిగొచ్చాక పెద్దవాళ్లతో కూర్చుని ఆ రోజు విన్నదంతా చెప్పుకునే వీలుంటుంది. ఎంత చేసినా ఒక్కోసారి మనిషి దక్కదు. ఆ రాత్రి ఆమెకూ ఒక పలకరింపు కావాలి. ఈ ఏర్పాటు లేకుండా సైకాలజిస్టును ఒంటరిగా మండలానికి పంపి ‘వెళ్లి అందర్నీ ఓదార్చు’ అంటే ఆర్నెల్లలో ఆమే రాజీనామా ఇస్తుంది.

మండలానికొక పూర్తి బృందం రేపే రాదు, నాకు తెలుసు. కానీ ఆశా కార్యకర్త ఇప్పటికే ప్రతి గడపా ఎక్కుతోంది. ఏ ఇంట్లో గర్భిణి ఉందో, ఏ ఇంట్లో బి.పి. ఉందో ఆమెకు తెలుసు. రెండు మూడు మండలాలకు కలిపి ఒక సైకాలజిస్టును వేసి, ఆమె కింద ఆశాలకూ, ఎ.ఎన్.ఎం.లకూ ఈ పలకరింపు నేర్పించి, దానికి వేరేగా డబ్బిస్తే సరిపోతుంది. వేరేగా అని ఎందుకంటున్నానంటే, ఊరికే వచ్చే పనులన్నీ ఆశాల నెత్తినే పడేయడం మన ప్రభుత్వాలకు అలవాటు.

పసిపిల్లల టీకాలకు మన దగ్గర ఒక కార్డుంది. ఏ తేదీన ఏది వేశారో గడుల్లో రాసి ఉంటుంది. ఒక్కటి తప్పినా ఎ.ఎన్.ఎం. ఇంటికొచ్చి నిలదీస్తుంది. ప్రాణాపాయం తప్పించుకుని ఆసుపత్రి నుంచి ఇంటికెళ్లే ప్రతి మనిషి పేరునా తొమ్మిది గడుల కార్డు ఇంకొకటి అచ్చు వేయిస్తే ఎంతవుతుంది? ఊరంతా చూడకుండా గుట్టుగా ఉంచాల్సిన కార్డది. ఈసారి మీ ఎమ్మెల్యేగారు ఆసుపత్రిలో కొత్త గదికి రిబ్బను కత్తిరించడానికి వచ్చినప్పుడు, బొట్టుపెట్టి హారతిచ్చే వరసలో మీరూ ఉంటారు కదా... ఆ పళ్లెం పక్కన పెట్టి ఈ కార్డు సంగతి అడగండి.